వాడిన చిన్న హ్యాచ్‌బ్యాక్ కారును పరీక్షించి కొనడం ఎలా

వాడిన కారు కొనేటప్పుడు ఎక్కువ మంది మొదట ఓడోమీటరు వైపు, తరువాత రంగు వైపు, ఆ తరువాత ధర వైపు చూస్తారు. ఈ మూడూ అమ్మేవారి చేతిలో ఉన్నవే: మీటరును వెనక్కి తిప్పవచ్చు, రంగును ఒక్క పూటలో మెరిపించవచ్చు, ధరను ఎంతైనా చెప్పవచ్చు. అంత తేలికగా మార్చడానికి వీలుకానిది, ఆ కారును ఇన్నాళ్లూ ఎలా చూసుకున్నారన్నదాని జాడ. అది ఇంజను ఆయిల్ మూత అడుగున, టైర్ల అంచుల్లో, సీటు బెల్టు చివర, డిక్కీలో స్టెప్నీ కింద మిగిలి ఉంటుంది. ఆ జాడలను వెతకడానికి ఒక వరుస ఉంది. దాన్ని పాటించి తీరాలి, ఎందుకంటే ఇంజను ఒకసారి వేడెక్కిందంటే కొన్ని పరీక్షలు ఆ రోజుకు ఇక చేయలేము.

ముందుగా ఏ రకం బండి కావాలో తేల్చుకోండి

చిన్న హ్యాచ్‌బ్యాక్ బతుకు పెద్ద కారు బతుకులాంటిది కాదు. కొత్తగా నడపడం నేర్చుకున్నవాళ్లు మొదట కొనేది తరచుగా దీన్నే. ఇంట్లో రెండో కారుగా దగ్గరి పనులకు తిరిగేదీ ఇదే. అందుకే దీని రోగాలు కూడా వేరు. దూర ప్రయాణాల్లో అరిగిన ఇంజనుకన్నా, ఎప్పుడూ పూర్తిగా వేడెక్కని ఇంజను, సగం తొక్కిపెట్టి నడిపిన క్లచ్, కాలిబాట అంచుకు రాసుకున్న చక్రాలు, పార్కింగులో నలిగిన బంపర్లు ఇందులో ఎక్కువగా కనబడతాయి. పదేళ్లలో ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందని గొప్పగా చెప్పే కారు నిజంగా అంతే తిరిగి ఉన్నా, అదంతా పొద్దున నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం నాలుగు కిలోమీటర్లు చొప్పున తిరిగినదైతే, ఆయిల్‌లో చేరిన తేమా పెట్రోలూ ఆవిరైపోయేంత వేడి ఆ ఇంజనుకు ఏనాడూ సరిగా అందలేదనే అనుకోవాలి. ఏటా తప్పకుండా ఆయిల్ మార్చిన లక్ష కిలోమీటర్ల కారు, అలాంటి ముప్పై వేల కిలోమీటర్ల కారు పక్కపక్కన నిలబడితే నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను.

నమ్మకమే ముఖ్యమనుకునేవారు టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజను, మామూలు చేతి గేర్లు ఉన్న కారును చూసుకోవడం మేలు. చెడిపోవడానికి అందులో భాగాలు తక్కువ. చెడినా మామూలు మెకానిక్ విప్పి బిగించగలడు. టయోటా యారిస్, హోండా జాజ్, సుజుకి స్విఫ్ట్, మజ్దా 2 వంటి కార్లకు మన్నిక విషయంలో మంచి పేరు రావడానికి ఈ సాదాతనం ఒక కారణం. అయితే పేరును చూసి పరీక్ష మానేయకూడదు. సర్వీసు ముఖం చూడని యారిస్‌కన్నా, వేళకు సర్వీసు జరిగిన అంతగా పేరులేని కారు ఎక్కువ కాలం నడుస్తుంది.

వాల్వుల కదలికను పిస్టన్ల కదలికతో జతపరచడానికి ఇంజనులో టైమింగ్ బెల్ట్ ఉందా, చైన్ ఉందా అన్నది కారు చూడడానికి బయలుదేరకముందే తెలుసుకోండి. రబ్బరు బెల్టును తయారీదారు చెప్పిన దూరానికో, చెప్పిన సంవత్సరాలకో, ఏది ముందు వస్తే దానికి మార్చాలి. ఆ దూరం ఇంజనును బట్టి మారుతుంది. చాలావాటికి అది 60,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. బెల్టు తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఆ మరమ్మతు చిన్న కారు విలువలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కవేసుకుని, ఆ ఖర్చును, అదే బెల్టుతో తిరిగే వాటర్ పంపు ఉంటే దాని ఖర్చుతో సహా, బేరంలో తగ్గించమని అడగండి.

బెల్టు ఇంజను ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఏర్పాటు మరొకటి ఉంది. ఫోర్డ్ వారి 1.0 లీటరు ఎకోబూస్ట్ ఇంజనులోనూ, ప్యూజో, సిట్రోయెన్ కార్లలోని 1.2 లీటరు ప్యూర్‌టెక్ ఇంజనులోనూ చాలా ఏళ్లపాటు ఈ ఏర్పాటే ఉండేది. తగిన రకం ఆయిల్ పోయకపోయినా, మార్చడం ఆలస్యమైనా బెల్టు నాని పొలుసులుగా రాలుతుంది. ఆ రజను పంపు జల్లెడకు అడ్డుపడి ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. ఇలాంటి కారు నచ్చితే, ప్రతి ఆయిల్ మార్పుకూ ఏ గ్రేడు పోశారో రాసి ఉన్న బిల్లులు పూర్తిగా ఉంటేనే ముందుకు వెళ్లండి. చైన్ అయితే నిశ్చింత అని కూడా అనుకోవద్దు. ఆయిల్ నల్లబడి చిక్కబడే దాకా వదిలేసిన ఇంజనులో చైన్ సాగుతుంది, అది స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే వినబడుతుంది.

ప్రకటనలో ‘ఆటోమేటిక్’ అని ఒక్క మాట రాసేస్తారు గానీ, ఆ మాట వెనుక కనీసం నాలుగు రకాల గేరుపెట్టెలు ఉన్నాయి. క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజను బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న పాత పద్ధతి పెట్టె సాధారణంగా గట్టిది. విడి గేర్లు లేకుండా నిష్పత్తి నిరంతరం మారే సీవీటీకి దాని ప్రత్యేకమైన ఆయిల్‌ను వేళకు మార్చడమే ప్రాణం. మామూలు గేరుపెట్టెకే క్లచ్‌ను తొక్కే మోటారు అమర్చిన ఏఎంటీ చవక, అయితే రద్దీలో దాని క్లచ్ త్వరగా అరుగుతుంది. పొడి క్లచ్‌లు రెండు ఉండే డ్యూయల్ క్లచ్ పెట్టె నడపడానికి ఎంత హాయిగా ఉంటుందో, వారంటీ గడువు దాటిన తరువాత బాగుచేయించడానికి అంత బరువు; 2013లో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ ఇలాంటి 7 గేర్ల పెట్టెలోని ఆయిల్‌ను మార్చడం కోసం ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. యారిస్ హైబ్రిడ్ లాంటి కారులో క్లచ్, విడి స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ ఏవీ ఉండవు కాబట్టి చెడేవీ తక్కువే, కానీ వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జల్లెడ దుమ్ముతో మూసుకుపోయిందేమో తప్పక చూడాలి. డీజిల్ విషయంలో నా మాట ఒక్కటే: పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉన్న డీజిల్ కారును దగ్గరి పనులకే వాడబోయేవారు కొనకూడదు, ఎందుకంటే ఆ మసిని కాల్చేసుకునేంత వేడి పొగగొట్టానికి చిన్న ప్రయాణాల్లో అందదు.

ఫోన్‌లోనే తేలే సంగతులు

కారు ఎవరి పేరున ఉంది, మీ దగ్గర ఎన్నాళ్లుగా ఉంది, దానిమీద అప్పు ఉందా, రెండు తాళాలూ ఉన్నాయా, సర్వీసు బిల్లులు ఉన్నాయా, ఎప్పుడైనా గుద్దుకుందా అన్న ప్రశ్నలు ఫోన్‌లోనే అడగండి. సమాధానంకన్నా, సమాధానం వచ్చే తీరును గమనించండి. సొంతంగా వాడినవారు ‘క్రితం ఏడాది ఎడమవైపు తలుపు గీసుకుంది, వేయించాను’ అని వివరంగా చెబుతారు. వ్యాపారం చేసేవారు ‘ఒక్క గీత లేదండీ’ అంటారు. ఛాసిస్ నంబరు కూడా అడిగి తీసుకోండి. విన్ అని పిలిచే ఆ సంఖ్యలో 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. సున్నా, ఒకటి అంకెలతో పొరపాటు పడకుండా ఇంగ్లీషు అక్షరాలలో ఐ, ఓ, క్యూలను అందులో వాడరు. వాటిలో ఒకటి కనబడితే రాసుకోవడంలోనైనా తప్పు జరిగి ఉండాలి, నంబరైనా కల్పించినదై ఉండాలి.

ఆ నంబరును తయారీదారు వెబ్‌సైటులో ఇస్తే, ఆ కారుకు చేయించకుండా మిగిలిపోయిన రీకాల్ (తయారీ లోపాన్ని సరిచేయడానికి సంస్థ కార్లను వెనక్కి పిలవడం) ఏదైనా ఉందేమో చాలా దేశాల్లో తెలుస్తుంది. దీన్ని లాంఛనంగా తీసుకోవద్దు. టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో అమ్మోనియం నైట్రేట్ వాడారు. వేడికీ తేమకూ ఏళ్ల తరబడి గురైన ఆ మందు, ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు అతిగా పేలి లోహపు ముక్కలను లోపలున్నవారి మీదికి విసిరింది. ఆ రీకాల్‌లో ఎన్నో సంస్థల కార్లు కోట్ల సంఖ్యలో ఉన్నాయి, చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు కూడా వాటిలో ఉన్నాయి. ఆ మరమ్మతు ఉచితం, అయినా చేయించుకోని కార్లు చేతులు మారుతూనే ఉంటాయి.

చివరిగా, నేను వచ్చేదాకా ఇంజనును స్టార్ట్ చేయవద్దని మర్యాదగా చెప్పండి. ఒకసారి నేను ఇలాగే చెప్పి పొద్దున ఏడింటికి వెళ్లాను. చెయ్యి పెట్టి చూస్తే బానెట్ గోరువెచ్చగా ఉంది. పెట్రోలు పోయించుకు రావడానికి వెళ్లానని యజమాని అన్నారు; తాళం తిప్పి చూస్తే పెట్రోలు ముల్లు అడుగున ఉండి ఎర్రదీపం వెలుగుతోంది. ఏమీ అనకుండా మర్నాడు వస్తానని చెప్పి, అన్న సమయానికి గంట ముందే వెళ్లాను. చల్లగా ఉన్న ఆ ఇంజను స్టార్ట్ కాగానే సైలెన్సరు నుంచి పది సెకన్లపాటు నీలిపొగ వచ్చి, తరువాత ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది. రాత్రంతా వాల్వు సీళ్ల గుండా కారిన ఆయిల్ అది. వేడెక్కిన ఇంజనులో ఆ లోపాన్ని నేను పట్టగలిగేవాణ్ని కాదు.

చల్లని ఇంజను దగ్గర

వెలుతురు ఉన్నప్పుడు, వాన లేనప్పుడు వెళ్లండి. తడిసిన రంగు సొట్టలను దాచేస్తుంది. టార్చిలైటు, తెల్ల గుడ్డ, చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. బానెట్ చల్లగా ఉందని నిర్ధారించుకున్న తరువాత ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్కు బయటికి తీసి తెల్లగుడ్డకు తుడవండి. ఆయిల్ ముదురు గోధుమరంగులో ఉంటే ఫరవాలేదు. తారులా చిక్కగా ఉన్నా, గుర్తుకు దిగువన ఉన్నా, ఆయిల్ మార్చడంలోనూ చూసుకోవడంలోనూ ఆ ఇంట్లో ఎంత శ్రద్ధ ఉందో తెలిసిపోతుంది. ఆయిల్ పోసే మూతను తిప్పి అడుగు చూడండి. అక్కడ మీగడలాంటి లేతపసుపు జిడ్డు ఉంటే రెండు అర్థాలున్నాయి: చలికాలంలో చిన్న ప్రయాణాల వల్ల చేరిన తేమ కావచ్చు, లేదా ఇంజను పైభాగపు అతుకును మూసి ఉంచే సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ పోయి, ఇంజనును చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుండవచ్చు. డిప్‌స్టిక్కు మీద కూడా అదే జిడ్డు కనబడితే రెండో అనుమానం బలపడుతుంది.

కూలెంట్ డబ్బాను చల్లగా ఉన్నప్పుడే తెరవాలి; వేడిమీద తెరిస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. లోపల శుభ్రమైన రంగునీళ్లు ఉండాలి. తుప్పురంగు కనబడితే ఉత్త నీళ్లు పోసి నడిపారని, ఆయిల్ తెట్టు తేలుతుంటే గ్యాస్కెట్ విషయం తేల్చుకోవాలని అర్థం. కొత్తగా కడిగి మెరిపించిన ఇంజనును మెచ్చుకోవద్దు. ఎక్కడినుంచి ఏది కారుతోందో చెప్పే సాక్ష్యాన్ని కడిగేశారు కనుక, అలాంటి కారును నడిపి వచ్చాక మళ్లీ బానెట్ ఎత్తి చూడాలి. ఒక పలుచని దుమ్ముపొర ఉండి, ఎక్కడా తడి మరక లేని ఇంజనే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇప్పుడు తాళాన్ని సగం మాత్రమే తిప్పి, మీటరు పలకను చూడండి. ఇంజను, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు దీపాలు మొదట వెలగాలి, తరువాత ఒక్కొక్కటిగా ఆరిపోవాలి. ఇంజను, ఆయిల్ దీపాలు మాత్రం స్టార్ట్ అయ్యాక ఆరతాయి. ఆరని దీపం లోపాన్ని చెబుతుంది, అసలు వెలగని దీపం ఆ లోపాన్ని ఎవరో దాచారని చెబుతుంది. స్టార్ట్ చేసే పని యజమానికి అప్పగించి మీరు వెనక నిలబడండి. చలిలో తెల్లటి ఆవిరి రావడం, సైలెన్సరు నుంచి నీటిబొట్లు రాలడం సహజం. ఇంజను వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లపొగ తీపివాసనతో వస్తుంటే కూలెంట్ మండుతోంది. నీలిపొగ అయితే ఆయిల్ మండుతోంది, నల్లపొగ అయితే పెట్రోలు అవసరానికి మించి పడుతోంది. ఆ వెంటనే ముందుకు వచ్చి చెవి పెట్టండి: మొదటి సెకను, రెండు సెకన్లు గలగలమని ఆగిపోతే చాలావాటిలో ఆయిల్ పైకి ఎక్కేదాకా వచ్చే చప్పుడే, అంతకుమించి గొలుసు ఊపినట్టు వినబడుతుంటే చైన్ లేదా దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మరమ్మతుకు వచ్చింది. ఇంజను నిలకడగా తిరగాలి, మిస్సింగ్ కొట్టకూడదు. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా అలాగే నడవనివ్వండి. ఆ కాసేపట్లో మిగతా కారును చూడవచ్చు.

చుట్టూ తిరిగి, వంగి చూడవలసినవి

తలుపులకు, బానెట్‌కు, డిక్కీకి మధ్య ఉండే సందులు రెండువైపులా ఒకే వెడల్పులో ఉన్నాయా అని కంటితోనే కొలవండి. ఫెండర్లను, బానెట్‌ను పట్టి ఉంచే బోల్టుల తలలను దగ్గరగా చూడండి. రంగు చెదిరి స్పానరు గుర్తులు పడి ఉంటే ఆ భాగాన్ని విప్పారు. రంగు మందం కొలిచే పరికరం దొరికితే మరీ మంచిది: ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది, ఒకే తలుపు మీద అది హఠాత్తుగా 400 దాటితే కింద పుట్టీ ఉంది. పరికరం లేకపోతే పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ఆనించి చూడండి. ఇనుప రేకు మీద అంటుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. అద్దాల మూలన చిన్న అక్షరాలలో తయారీ సంస్థ పేరు, సంవత్సరపు గుర్తు ఉంటాయి. ఒక్క అద్దం మీద మాత్రమే అవి వేరుగా ఉంటే, ఆ వైపు ఏం జరిగిందో అడగవలసిన హక్కు మీకుంది. తలుపుకు తగిలిన దెబ్బను డెంటింగ్, పెయింటింగ్ చేయించి ఉంటే నేను కారును వదులుకోను. ముందు చక్రాల వెనకనున్న ఛాసిస్ కమ్మీలు వంచి సరిచేసినవైతే మాత్రం ఎంత తగ్గించినా వద్దంటాను.

టైర్లు కారు గురించి చాలా చెబుతాయి. ప్రతి టైరు పక్కన ఒక సంఖ్యల వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగేళ్ల కారుకు, మీటరు మీద 25,000 కిలోమీటర్లే ఉన్న కారుకు, ఇటీవలే మార్చిన నాలుగు కొత్త టైర్లు ఎందుకు అవసరమయ్యాయో మీరే ఆలోచించండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే చాలా దేశాల చట్టం ప్రకారం ఆ టైరు పని అయిపోయింది. గాడి మధ్యలో అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలు ఆ హద్దునే చూపిస్తాయి. అరిగిన తీరు అంతకన్నా ముఖ్యం. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ పెట్టి తిప్పారు, నడుమ అరిగితే గాలి ఎక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ తప్పింది లేదా సస్పెన్షన్‌లో ఏదో వంగింది. అరచేత్తో టైరు చుట్టూ నిమిరితే అలలు అలలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయి.

తలుపుల కింది గట్టు, చక్రాల పైవంపులు, జాకీ పెట్టే చోట్లు తుప్పుకు ఇష్టమైన స్థానాలు. పైపైన కనబడే పొక్కులకన్నా, అడుగున కొత్తగా దట్టంగా పూసిన నల్లరంగు ఎక్కువ అనుమానించదగినది.

లోపల కూర్చుని

యాభై వేల కిలోమీటర్లు చెప్పే కారులో క్లచ్ పెడల్ రబ్బరు గీతలు చెరిగిపోయి నున్నగా ఉంటే, స్టీరింగ్ మీది తోలు మెరుస్తుంటే, డ్రైవరు సీటు బయటి అంచు నలిగి కుంగిపోయి ఉంటే ఆ మీటరును నమ్మకండి. కొత్త పెడల్ రబ్బర్లు, పాత సీటు కలిసి కనబడినా అదే మాట. సర్వీసు బిల్లుల మీద రాసిన కిలోమీటర్లను తారీఖుల వరుసలో పేర్చి చూడండి. సంఖ్య ఎక్కడైనా వెనక్కి నడిచిందంటే ఇక మాట్లాడవలసింది లేదు.

వరదలో మునిగిన కారును కడిగి, ఆరబెట్టి, సువాసన చల్లి అమ్మడం అన్నిచోట్లా ఉన్నదే. దాన్ని పట్టడానికి ఒక్కో సీటు బెల్టును చివరిదాకా, అది ఆగిపోయేదాకా బయటికి లాగండి. బెల్టును మడతలోపలిదాకా ఎవరూ కడగరు. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో మట్టిమరక గీతలా మిగిలి ఉంటుంది. స్టెప్నీని పైకెత్తి గుంటలో వేలితో తుడవండి, ముందు సీట్ల కింద పట్టాల మీద తుప్పు ఉందేమో చూడండి, డాష్‌బోర్డు కింద టార్చి వేసి వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టిందేమో గమనించండి. మునిగిన కారును ఎంత చవకైనా కొనవద్దు. వైర్లలో చేరిన తేమ ఏడాది తరువాత కూడా ఒక్కో పరికరాన్ని చంపుతూనే ఉంటుంది.

అద్దాలు, తలుపు తాళాలు, వైపర్లు, హారన్, లైట్లు ప్రతిదీ ఒకసారి వాడి చూడండి. ఏసీ వేసినప్పుడు ఇంజను కొద్దిగా బరువు పడినట్టు మారి, కాసేపట్లో చల్లగాలి రావాలి. ‘గ్యాస్ ఒక్కటే పోయించాలి’ అన్న మాటను కంప్రెసర్ పోయిందన్న మాటగా లెక్కవేసుకుని బేరం చేస్తే నష్టపోరు.

స్కానరు పెట్టే ఐదు నిమిషాలు

స్టీరింగ్ కింద ఉండే, కారు కంప్యూటరు నమోదుచేసుకున్న లోపాలను చదవడానికి వీలిచ్చే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న స్కానరు టైరు ధరకన్నా తక్కువకే దొరుకుతుంది, ఫోనుతో కలిసి పనిచేస్తుంది. అమెరికాలో 1996 నుంచి, ఐరోపా సమాఖ్యలో కొత్త పెట్రోలు కార్లకు 2001 నుంచి ఈ ఏర్పాటు తప్పనిసరి. లోపాల కోడ్‌లు ఉన్నాయా అని మాత్రమే చూసి వదిలేయకండి, ఎందుకంటే మీరు వచ్చే పది నిమిషాల ముందు వాటిని చెరిపేసి ఉండవచ్చు. చాలా కార్లలో కోడ్‌లు చెరిపిన తరువాత ఎంత దూరం నడిచిందో కూడా స్కానరు చూపిస్తుంది. దానితోపాటు రెడీనెస్ మానిటర్లు అనే స్వయంపరీక్షల జాబితా ఉంటుంది. చెరిపినప్పుడు అవన్నీ ‘పూర్తికాలేదు’ అన్న స్థితికి వెళ్లి, రకరకాల వేగాల్లో నడిచిన తరువాతే ఒక్కొక్కటిగా పూర్తవుతాయి. కోడ్‌లు ఏవీ లేకుండా, మానిటర్లు చాలావరకు పూర్తికాకుండా, నడిచిన దూరం మూడు కిలోమీటర్లని కనబడితే, బ్యాటరీ మార్చామన్న సమాధానం వస్తుంది. అది నిజమే కావచ్చు. బ్యాటరీ మీది తారీఖు చూడండి, వారం తరువాత మళ్లీ స్కానరు పెట్టడానికి ఒప్పుకుంటారేమో అడగండి. బ్యాటరీని మల్టీమీటరుతో చూస్తే ఇంజను ఆగి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు మామూలుగా 13.5 నుంచి 14.7 దాకా ఉండాలి.

నడిపి చూడడం

కనీసం అరగంట నడపాలి, అందులో రద్దీ, గతుకులు, వేగంగా వెళ్లే రహదారి మూడూ ఉండాలి. పాటలు ఆపేయండి, ఏసీ ఆపేయండి, యజమానిని మాట్లాడనివ్వకండి. కొందరు సరిగ్గా శబ్దం వచ్చే చోటనే కబుర్లు మొదలుపెడతారు.

క్లచ్ పరీక్షను ఖాళీ రోడ్డుమీద చేయండి. నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ ఆక్సిలరేటర్‌ను బలంగా తొక్కితే ఇంజను, కారు కలిసి వేగం పుంజుకోవాలి. ఇంజను మాత్రం అరుస్తూ పైకి వెళ్లి, బండి లాగకపోతే క్లచ్ జారుతోంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో క్లచ్ మార్చడం విపత్తేమీ కాదు, ముందే తెలిస్తే ధరలో సర్దుకోవచ్చు. రెండో గేరులోకి, మూడో గేరులోకి త్వరగా వేసినప్పుడు గరగరమంటే గేర్ల వేగాలను కలిపే సింక్రోనైజర్లు అరిగాయి. ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ కార్లను ఎత్తుమీద ఆపి, రద్దీలో కదిలినట్టు అంగుళం అంగుళం కదిలించి చూడండి. అదిరినా, తడబడినా దాని క్లచ్‌కు పని పడుతుంది.

ఖాళీ స్థలంలో స్టీరింగ్‌ను ఫుల్ కట్ కొట్టి, రెండువైపులా నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. టక్ టక్ మని లయగా వినబడితే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు పోయింది. వేగంతోపాటు పెరిగే ఝుమ్మనే మోత వీల్ బేరింగుది. చదును రోడ్డుమీద స్టీరింగ్‌ను వదులుగా పట్టుకుంటే కారు ఒక పక్కకు లాగకూడదు. వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు వేయండి. పెడల్ కొట్టుకుంటే డిస్కులు, కారు ఒక పక్కకు పోతే ఒకవైపు బ్రేకు పట్టేయడం కారణం కావచ్చు. స్పీడ్ బ్రేకరు దాటేటప్పుడు కడక్‌మనే చప్పుడు సస్పెన్షన్ అడుగు బుష్‌లదో, లింకులదో అయితే ఖర్చు స్వల్పమే. తిరిగి వచ్చాక ఇంజను ఆపి, ఒక్క నిమిషం ఆగి, వేడిమీద మళ్లీ స్టార్ట్ చేయండి. ఉష్ణోగ్రత ముల్లు దారి పొడవునా ఒకేచోట నిలిచి ఉండాలి. బానెట్ ఎత్తి, ఇంతకుముందు పొడిగా ఉన్నచోట ఇప్పుడు తడి కనబడుతోందేమో చూడండి.

ఇంతవరకు అన్నీ బాగుంటే, యజమానికి సంబంధంలేని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి కారును లిఫ్టు మీదికి ఎక్కించండి. ఆ మెకానిక్‌కు మీరిచ్చే డబ్బు, మొత్తం బేరంలో అత్యంత చవకైన ఖర్చు. అడుగున ఛాసిస్ కమ్మీలు, ఆయిల్ కారుతున్న సీళ్లు, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు తొడుగులు, బ్రేకు గొట్టాలు చూడమనండి. లిఫ్టు ఎక్కించడానికి యజమాని ఒప్పుకోకపోతే, కారణం ఏం చెప్పినా సరే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

డబ్బు చేతులు మారే ముందు

రిజిస్ట్రేషన్ కాగితం మీది ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కారు మీద చెక్కినవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. చెక్కిన చోట గీకిన, వెల్డింగు చేసిన గుర్తులుంటే అది దొంగబండి కావచ్చు. కాగితం మీది పేరు, అమ్ముతున్నవారి గుర్తింపు కార్డు మీది పేరు ఒకటే కావాలి. ‘మా బంధువుల కారు’ అంటే ఆ బంధువే వచ్చి సంతకం చేయాలి. అప్పు తీరిందని నోటిమాట చెల్లదు, అప్పిచ్చిన సంస్థ రాసిచ్చిన కాగితం కావాలి. అడ్వాన్సు తప్పనిసరైతే, ఏ షరతు మీద తిరిగి ఇస్తారో రాయించుకుని ఇవ్వండి. పెద్ద మొత్తాన్ని బ్యాంకు ద్వారానే చెల్లించి, పేరు మార్పిడి కాగితాల మీద సంతకాలు, రెండు తాళాలు, సర్వీసు పుస్తకం అప్పుడే తీసుకోండి. మీ పేరున బీమా అమలులోకి రానిదే కారును రోడ్డెక్కించకండి.

బేరమాడేటప్పుడు ‘కాస్త తగ్గించండి’ అనడంకన్నా, రాసుకున్న లోపాల చీటీ ముందుపెట్టి, టైర్లకింత, క్లచ్‌కింత అని లెక్కచెప్పడం పనిచేస్తుంది. మీ దగ్గరున్న సొమ్మంతా కారు ధరకే పెట్టేయకుండా కొంత పక్కన ఉంచండి. ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, గాలి ఫిల్టరు, కూలెంట్ మార్పించండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సాధారణంగా రెండేళ్లకొకసారి మార్చాలంటారు. ఎప్పుడు మార్చారో తెలియనప్పుడు అది కూడా మార్పించండి. కొత్త ఆయిల్ పోసిన రోజు డిప్‌స్టిక్కు మీద అది ఎంతవరకు ఉందో ఫోటో తీసి, మీటరు రీడింగు రాసి పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లు నడిచాక, చదునైన చోట ఆపి, ఇంజను చల్లబడ్డాక మళ్లీ చూడండి. గుర్తు దాదాపు అక్కడే ఉంటే తయారీదారు చెప్పిన గడువుకే తరువాతి ఆయిల్ మార్చవచ్చు. బాగా దిగి ఉంటే వారానికొకసారి డిప్‌స్టిక్కు తీయడం అలవాటు చేసుకుని, డిక్కీలో ఒక లీటరు ఆయిల్ ఉంచుకోండి.